వేలిముద్రలతో పిల్లల తెలివి చెప్తామంటే డబ్బు కట్టకండి: నెల్లూరు, కావలి, ఒంగోలు తల్లిదండ్రులకు

మన వైపు ప్రైవేటు స్కూళ్లలో పేరెంట్స్ మీటింగ్ రోజునే ఒక టేబుల్ వేసుకుని కూర్చుంటున్నారు, చూసే ఉంటారు. డీఎంఐటీ టెస్ట్ అంటారు. పిల్లల పది వేళ్లూ స్కానర్ మీద పెట్టించి ఐక్యూ ఎంతో, ఇంజనీరు అవుతాడో డాక్టరు అవుతాడో చెప్పేస్తారు. మా దగ్గర 4,500 తీసుకున్నారు. సంస్థ పేరు రాయడం లేదు, రాసినా ఇంకో పేరుతో వస్తారు.

మావాడు నాలుగో తరగతి. చదివేటప్పుడు లైను తప్పిపోతాడు, ఒత్తులు మింగేస్తాడు. లెక్క నోటితో అడిగితే టక్కున చెప్తాడు, అదే లెక్క పుస్తకంలో ఉంటే పెన్సిల్ కదలదు. ఆ సంగతి తేలుతుందనే కట్టాం. వచ్చిన రిపోర్టు నిండా రంగుల గ్రాఫులు, మెదడు బొమ్మలు, భాషలో దిట్ట అని మెచ్చుకోలు! వాడి చేత ఒక్క వాక్యం చదివించింది లేదు, ఒక్క లెక్క చేయించింది లేదు. చిలక జోస్యానికి కంప్యూటర్ తగిలించినట్టుంది. పక్కింటి పాప రిపోర్టు తెప్పించి చూస్తే పేజీలకు పేజీలు అవే మాటలు, పైగా ఆడపిల్ల గురించి రాస్తూ రెండు చోట్ల ‘హీ’, ‘హిజ్’. దీని గురించి అడిగితే జవాబు లేదు. 18,000 పెట్టి, మెదడుకు పదును పెడతామనే మిడ్ బ్రెయిన్ కోర్సులో చేర్పించండి, ఈ వారం కడితే డిస్కౌంట్ మేడమ్ అని ఫోన్లు మాత్రం ఆగలేదు.

ఈ టెస్టుకు ఆధారం అమెరికా సైకాలజిస్టు హోవర్డ్ గార్డ్‌నర్ సిద్ధాంతం అంటారు వీళ్లు. ఆయన 1983లో తెలివితేటలు పలు రకాలని రాశాడే తప్ప వాటిని వేలిముద్రల్లో చూడమనలేదు. ఈ టెస్టుకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది.

అసలు పరీక్ష ఇలా ఉండదు. సైకాలజిస్టు పిల్లాడి ఎదురుగా కూర్చుని బొమ్మలు పేర్పిస్తారు, అంకెలు చెప్పించుకుంటారు, చదివిస్తారు, రాయిస్తారు. కాన్పు దగ్గర్నుంచి మనల్ని అడుగుతారు, స్కూలు నోట్సులు తెమ్మంటారు. ఐక్యూకి బినే-కామత్, మాలిన్ స్కేల్ లాంటివి, చదవడం రాయడంలో ఇబ్బందికి బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి వాళ్ల పరీక్షల సెట్టు (నిమ్హాన్స్ బ్యాటరీ) వాడతారు. కాబట్టి డబ్బు తీయకముందే ఏ టెస్ట్ పెడతారు, చేసేవారి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని అడగండి. నసిగితే లేచి వచ్చేయండి. చూపు, వినికిడి ముందే చూపించుకోవడం మంచిది. ఇలా చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ఇబ్బంది, అంటే లెర్నింగ్ డిజబిలిటీ, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఒక వైకల్యంగా ఉంది, కానీ దాని సర్టిఫికెట్‌కి ఈ రంగుల పుస్తకం పనికిరాదు. నెల్లూరులోనే దివ్యాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ (కాంపోజిట్ రీజనల్ సెంటర్) ఉంది, ముందు అక్కడ కనుక్కోండి.

ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు తీసేయకండి. ఒకే స్కూలు పిల్లల రిపోర్టులు రెండు మూడు పక్కపక్కన పెట్టి ఫోటోలు తీసుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. మేం పెట్టాం.