షిఫ్టు డ్యూటీలో డిగ్రీ కట్టాలంటే: ఏయూనా, ఇగ్నోనా?

గాజువాక, కూర్మన్నపాలెం, ఆటోనగర్ వైపు పనిచేసేవాళ్లలో ఇంటర్‌తోనో డిప్లొమాతోనో చదువు ఆగిపోయినవాళ్లు చాలామందే ఉంటారు. ప్రమోషన్ కోసమో, గ్రూప్స్ రాయడానికో ఇప్పుడు డిగ్రీ కట్టాలనుకుంటే విశాఖలో ముందుగా వినిపించేవి రెండు పేర్లు: ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) దూరవిద్య, ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం).

విలువ విషయంలో టెన్షన్ అక్కర్లేదు. ఏయూ 1926 నాటిది, కరస్పాండెన్స్ కోర్సులు 1972లోనే మొదలుపెట్టింది. ఇగ్నో 1985లో వచ్చిన కేంద్ర విశ్వవిద్యాలయం, దాని ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2022లో మరోసారి చెప్పింది. అందుకే పేరు కన్నా ముందు మీ డ్యూటీ చార్టు చూసుకోండి.

ఏ, బీ, సీ షిఫ్టులు తిరిగేవాళ్లకైతే నా ఓటు ఇగ్నోకే. పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఉంటాయి. సెలవు దొరక్క ఒక పేపరు పోయినా తర్వాతి విడతలో రాసుకోవచ్చు. మూడేళ్ల బీఏకు ఆరేళ్ల వరకూ గడువుంది. ఈ వెసులుబాటే కొందరి కొంప ముంచుతుంది కూడా. ‘డిసెంబరులో చూద్దాంలే’ అనుకుంటూ ఏళ్లు లాగేస్తారు.

అసలు బరువు అసైన్‌మెంట్లది. చాలా కోర్సుల్లో వాటికి 30 శాతం, పరీక్షకు 70 శాతం. రెండూ విడివిడిగా పాసవ్వాలి. నైట్ డ్యూటీ దిగి వచ్చి పేజీలకు పేజీలు చేత్తో రాయడం మాటలు కాదు. డబ్బులిస్తే రాసిపెట్టేవాళ్లు దొరుకుతారు గానీ ఆ దారి వద్దంటాను. పరీక్షకు సగం తయారీ ఆ రాతలోనే అయిపోతుంది. పాఠాలు ఇగ్నో వాళ్ల ఆన్‌లైన్ భండారం ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, టీ బ్రేకులో ఫోన్లోనే చదువుకోవచ్చు. అచ్చు పుస్తకాలు వద్దనుకుంటే ఫీజులో 15 శాతం తగ్గింపు కూడా ఇస్తారు.

అయితే ఇగ్నో పాఠాలు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి. స్కూలు నుంచీ తెలుగు మీడియంలో చదివి, చాలా ఏళ్ల తర్వాత పుస్తకం పట్టేవాళ్లకు ఇది చిన్న సమస్య కాదు. బీఏ, బీకాం లాంటివి తెలుగులో రాయాలనుకుంటే ఏయూనే మేలు. మీ కోర్సుకు తెలుగు మీడియం ఉందో లేదో మాత్రం ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. ఏదైనా కాగితం పని పడితే వాల్తేరులోని ఏయూ క్యాంపస్‌కు వెళ్లి కౌంటరు దగ్గర నిలబడి అడగొచ్చు. గాజువాక నుంచి ఎన్ఏడీ ట్రాఫిక్ దాటి వెళ్లే ఓపిక ఉండాలనుకోండి, అది వేరే సంగతి.

జనరల్ షిఫ్టు, ఆదివారం సెలవు ఉన్నవాళ్లకు రెండింట్లో ఏదైనా నడుస్తుంది. వాళ్లు మీడియం చూసి తేల్చుకుంటే చాలు.

‘ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ’ అనే పాంప్లెట్ల జోలికి మాత్రం పోకండి. ఫీజు కట్టేముందు ఆ కోర్సు, ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్య బ్యూరో జాబితాలో ఉందో లేదో చూడండి. దూరవిద్యలో బీటెక్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే అసలే నమ్మొద్దు, ఇంజినీరింగ్‌కు ఆ పద్ధతిలో అనుమతి లేదు.