తొగ అంటే పాలు కాదు: ఆరేళ్ల బొంకులాట తర్వాత

తెలియని పదానికి దొంగ అర్థాలు రాసే ఈ బొంకులాటలో నాకు ప్రాణమైన ఘట్టం ఒకటుంది. చీటీలు చదివే వంతు వచ్చినవాళ్లని మేము పంతులు అంటాం. అందరూ రాసిన చీటీలు ఆ పంతులు చేతికి చేరతాయి. అసలు అర్థం ఉన్న చీటీ కూడా వాటిలో కలిసిపోతుంది. ఆరు అబద్ధాలూ ఒక నిజమూ ఒకే గొంతుతో, ఎక్కడా తడబడకుండా, ఒక్క దానికీ ఎక్కువ బరువివ్వకుండా చదవాలి. చదువుతున్నంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడరు. ఎవరి చీటీ వచ్చినప్పుడు వాళ్లు మొహంలో ఏమీ కనబడకుండా ఉండాలని పడే అవస్థ చూసి తీరాలి. ఆ ఒక్క నిమిషం కోసమే ఆరేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి హాల్లో చాప పరుస్తున్నాం.

ఆట సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. ఎవరికీ తెలియని పదం ఒకటి తీసుకుని, దానికి నమ్మదగిన దొంగ అర్థం రాసి, అసలుదేదో కనిపెట్టడం. కాగితం, పెన్సిలు, నిఘంటువు పెట్టుకుని ఇళ్లలో ఆడుకునే పాత ఆటనే 1984లో కెనడాలో లారా రాబిన్సన్, పాల్ టోయిన్ అనే ఇద్దరు బాల్డర్‌డాష్ అన్న పేరుతో పెట్టెలో పెట్టి అమ్మకానికి తెచ్చారు. మేము కూడా మొదట ఇంగ్లీషు పదాలతోనే ఆడాం, దాదాపు ఏడాది. బాగానే ఉండేది. నిజం చెప్పాలంటే అప్పట్లో ఎవరడిగినా చాలా బాగుందనే చెప్పాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మాత్రం ఆ ఏడాది అంతా అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంది. పాపని చూసుకోవడానికి అద్దంకి దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. శనివారం రాత్రి ఇల్లంతా నవ్వుతుంటే, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా తనూ చిన్నగా నవ్వేది. అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

తెలుగులో ఆడదామన్నది పక్క ఫ్లాటు వాళ్లు. కోలారు వాళ్లు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. పైఅంతస్తులో శ్రీకాకుళం కుర్రాడొకడు. వాళ్లు ఇద్దరు, తర్వాత చేరిన అత్తయ్యతో కలిపి మేము నలుగురం, ఆ కుర్రాడు. మొత్తం ఏడుగురం. పదాలు వెతికే పని నాది. ఆంధ్రభారతి సైటులో పాత నిఘంటువులన్నీ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి పుస్తకాలు కొనాల్సిన అవసరం రాలేదు. బ్రౌన్ దొర 1852 నాటి నిఘంటువూ, బహుజనపల్లి సీతారామాచార్యుల వారి 1885 నాటి శబ్దరత్నాకరమూ నాకు ఎక్కువగా అక్కరకొచ్చాయి.

మొదటి నెల్లోనే రెండు విషయాలు అర్థమయ్యాయి. ఒకటి, సంస్కృత పదాలు పనికిరావు. నాలుగు స్తోత్రాలు వచ్చినవాళ్లెవరైనా సమాసాన్ని విడగొట్టి అర్థం పట్టేస్తారు. అందుకని పక్కన ‘దే.’ అని గుర్తున్న దేశ్యపదాలే తీసుకుంటున్నాను. రెండోది, ‘వృక్షవిశేషము’, ‘పక్షివిశేషము’, ‘మత్స్యవిశేషము’ అని వదిలేసిన పదాల జోలికి వెళ్లకూడదు. ఏ చెట్టో ఏ పిట్టో చెప్పకుండా విశేషము అంటే ఆటలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక అసలు ఇబ్బంది. మూడు నెలలపాటు ఏ పదం ఇచ్చినా అసలు అర్థాన్ని అందరూ ఇట్టే పట్టేసేవాళ్లు. ఎందుకో నాకు తెలియలేదు. పదాలు తేలికవేమో అనుకుని ఇంకా కష్టమైనవి వెతికాను. అయినా అంతే. చివరికి మా పాప చెప్పింది, అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. ‘అమ్మా, నిజంది చదివేటప్పుడు నువ్వు గుళ్లో పూజారి లాగా మాట్లాడతావు’ అంది. నిఘంటువులో ఉన్నది ఉన్నట్టు చీటీ మీద దించుకుంటున్నాను కదా, అది గ్రాంథికం. ‘కట్టెడి’, ‘చేయునది’, ‘వంటిది’. మిగతా చీటీలన్నీ మామూలు మాటల్లో ఉంటే అదొక్కటే పంచె కట్టుకుని పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా కనబడిపోయేది. బ్రౌన్ నుంచి తీసుకున్నప్పుడు ఇంకో తంటా. ఇంగ్లీషు వివరణని నేను తెలుగు చేస్తే ఆ వాక్యం పొందిక తేడాగా ఉండి మళ్లీ దొరికిపోయేది.

అప్పటి నుంచి అసలు అర్థాన్ని ముందురోజే మామూలు తెలుగులో, మా ఇంట్లో ఎవరైనా చెప్పినట్టుగా తిరగరాసి పెట్టుకుంటున్నాను. ఒక్కోదానికి మూడు నాలుగుసార్లు రాయాల్సి వస్తుంది. అర్థం చెడకూడదు, మాట పొసగాలి. శనివారం ఆటకి శుక్రవారం రాత్రి గంట పని. ఈ ఆట మీద నాకున్న ఇష్టంలో సగం ఆ గంటలోనే పుట్టింది.

అత్తయ్య ఆటలోకి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ఆ రాత్రి పదం ‘చిక్కం’. మా ఆయన పంతులు. మేమంతా తల వంచుకుని రాస్తున్నాం. నేను ‘చిక్కిపోయిన పిల్లలకి ఒంటికి పట్టించే నూనె’ అని రాశాను. కోలారు ఆవిడ చిక్కు తీసే దువ్వెన అని రాసిందని తర్వాత తెలిసింది. అత్తయ్య గోంగూర ఒలుస్తూ అక్కడి నుంచే, ‘ఏందమ్మాయ్, చిక్కం తెలవదా మీకు? ఎద్దు మూతికి కట్టే వల గదా’ అంది.

అందరం ఆగిపోయాం. మా ఆయన చేతిలో ఉన్న చీటీ చూసుకున్నాడు. అక్షరాలా అదే. ‘అయ్యో, ఆట చెడగొట్టానా’ అని ఆమె కంగారు పడింది కానీ, ఆ రాత్రి ఆట ఇంక ఎవరికీ కావాల్సి రాలేదు. కల్లంలో బంతి కట్టి నూర్చేటప్పుడు ఎద్దులు కంకులు తినకుండా మూతికి చిక్కం కడతారట. వాళ్ల నాన్న తాడుతో తనే అల్లేవాడట. అల్లేటప్పుడు కొలత చూసుకోవడానికి తన పిడికిలి లోపల పెట్టి చూసేవాడట. ఆ మాట చెబుతూ ఆమె తన పిడికిలి బిగించి గాల్లో పెట్టి, రెండో చేత్తో దాని చుట్టూ అల్లుతున్నట్టు చూపించింది. గోంగూర కాడ ఇంకా ఆ వేళ్ల మధ్యే ఉంది. ఆఖరు చుట్టు తిరిగే ముందు చిక్కం విప్పేసి ఎద్దుల్ని ఓ నాలుగు పోచలు తిననిచ్చేవాడట. ఐదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం, వాళ్ల నాన్న గురించి ఆమె నాతో అంత మాట్లాడింది అదే మొదటిసారి.

మరుసటి వారం నుంచి ఆమె కూడా చాప మీద కూర్చుంది. మొదట్లో బొంకడం ఆమెకి నచ్చేది కాదు. తెలియని మాటకి తెలియదనే రాసేది. తెలిసినదైతే ఉన్నదున్నట్టు రాసేది. అసలు అర్థానికి దగ్గరగా రాసిన చీటీకి మూడు పాయింట్లు వస్తాయి కాబట్టి, అలా కూడా ఆమె చాలాసార్లు గెలిచింది. ‘మేడి’ అంటే పండని మిగతావాళ్లంతా అనుకుంటుంటే నాగలి పిడి అని రాసింది. కోలారు ఆయన కూడా అంతే. ‘మొయిలు’ అన్న పదం వచ్చినప్పుడు కన్నడంలో ‘ముగిలు’ అంటే మేఘం కదా అని టకీమని పట్టేశాడు. ‘ఎలుగు’ మాత్రం ఎవరికీ చిక్కలేదు. ఎలుగెత్తి చాటడం అని రోజూ వింటాం, ఎలుగంటే గొంతని రాసిన ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు. అందరూ ఎలుగుబంటి దగ్గరే ఆగిపోయారు.

అత్తయ్య మొదటిసారి బొంకిన రాత్రి గురించి చెప్పాలి. ఆ రోజు పంతులు నేను. పదం ‘తొగ’. కలువ పువ్వుకి పాత పేరు. చీటీలు ఒక్కొక్కటీ విప్పి ముందుగా కళ్లతో చదువుకుంటున్నాను. నాలుగోది రోజు క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో రాసింది. ఐదో తరగతి దాకా చదివిన చెయ్యి. గుండ్రటి అక్షరాలు, ఒక్కో అక్షరం ఆగి ఆగి దిద్దినట్టుగా ఉంది. ‘పాలు పితికేటప్పుడు దూడకని పొదుగులో వదిలిపెట్టే పాలు.’

నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది, నేనే తప్పు రాసుకున్నానేమోనని. నా చీటీ మళ్లీ తెరిచి చూసుకున్నాను. కలువే. చదివేటప్పుడు ఆ చీటీ దగ్గర గొంతు మారకుండా ఉంచుకోవడానికి పడ్డ కష్టం నాకే తెలుసు. ఓట్లు అడిగితే ఐదుగురిలో నలుగురు దానికే వేశారు. మా ఆయనైతే, ‘ఇందులో ఆలోచించేదేముంది, తొగ వదలమని మా నాయనమ్మ అనేది, నాకు బాగా గుర్తు’ అన్నాడు. సొంత కొడుకు. అత్తయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందేమోనని నేను భయపడ్డాను. నవ్వు.

మా అబద్ధాలన్నీ పదం చప్పుడు పట్టుకుని అల్లినవి. చిక్కం అంటే చిక్కడం, చిక్కు. ఆమె అలా కాదు. ముందు పేరు లేని వస్తువు ఒకటి వెతుక్కుని, దానికి ఈ పదాన్ని పేరుగా పెట్టేస్తుంది. దూడకి వదిలే పాలు ఎవరైనా చూసిందే, కానీ దానికి మాకు తెలిసిన మాట లేదు. అందుకే నమ్మేశాం. ఆ తర్వాత నేనూ అలాగే రాయడం మొదలుపెట్టాను, ఆమె అంత బాగా ఇప్పటికీ రాదు.

పైన ఒకే గొంతుతో చదవడం అని గొప్పగా చెప్పాను కానీ, అన్నిసార్లూ అలా కుదరలేదు. మా పాప బెంగళూరు బళ్లో కన్నడం నేర్చుకుంది. తెలుగు మాట్లాడుతుంది, కానీ రాసేటప్పుడు కన్నడ అక్షరాల్లో రాస్తుంది. రెండు లిపులూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కాబట్టి నేను తడుముకుంటూ చదవగలను. మా ఆయన పంతులైన రోజు ఆ తలకట్టు గీతలు చూసి ఆగిపోయి, కాగితం దీపం వైపు తిప్పి, ‘ఇదేంటి’ అనేశాడు. అది పాప చీటీ అని అందరికీ తెలిసిపోయింది. పాప లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఆ రాత్రి ఆట ఆపేశాం. ఇప్పుడు ఆ తలనొప్పి లేకుండా పాప చీటీని పంతులు చెవిలో చెబుతుంది, పంతులే రాసుకుంటాడు. దాంతో పంతులుకి ఒక చీటీ ఎవరిదో ముందే తెలిసిపోతుంది. అయినా పంతులు ఓటు వేయడు కాబట్టి నష్టం లేదు. పాప మాత్రం ఈ మధ్య తెలుగు అక్షరాలు తనంతట తనే నేర్చుకుంటోంది.

మీ ఇంట్లో బాగుంటుందా అంటే, అది మీ ఇంట్లో ఎవరున్నారన్న దాని మీద ఉంటుంది. నలుగురితో ఆడి చూశాం, సప్పగా ఉంది. ఊహించడం మరీ తేలికైపోతుంది. అందరూ ఒకే ఊరు, ఒకే వయసు అయినా అంతే. పదం తెలిస్తే అందరికీ తెలుస్తుంది, లేకపోతే ఎవరికీ తెలియదు. మాకు కోలారు, శ్రీకాకుళం, అద్దంకి ఒకే చాప మీద దొరకడం అదృష్టం. ముందురోజు గంట కూర్చుని పదాలు సిద్ధం చేసే ఓపిక ఎవరో ఒకరికి ఉండాలి. రాత్రికి ఐదారు పదాలకి మించి సాగదు, త్వరగా గెలిచి లేవాలనుకునేవాళ్లకి విసుగొస్తుంది.

పోయిన సంక్రాంతికి అత్తయ్య ఊరెళ్లిపోయింది, మోకాళ్ల నొప్పులకి మా మూడో అంతస్తు పడటం లేదని. వీడియో కాల్‌లో ఆడి చూశాం. ఆమె చీటీ పంతులుకి ఫోన్‌లో విడిగా చెప్పాలి, అప్పుడు మిగతావాళ్లంతా బాల్కనీలోకి వెళ్లాలి. ఆడుతున్నాం కానీ, గోడ వైపు తిరిగి నవ్వే ఆ మనిషి ఎదురుగా లేదు. కాబట్టి ఈ ఆట గురించి నేను చెప్పే మంచిలో ఎంత ఆటదో, ఎంత ఆమెదో విడదీసి చెప్పలేను.

ఒక చిక్కు మాత్రం ఇంకా అలాగే ఉంది. పాప తాగి వదిలేసిన గ్లాసులో అడుగున మిగిలే రెండు గుక్కల పాలని ‘తొగ’ అంటోంది. ‘అమ్మా, తొగ పిల్లికి పోసేయనా’ అని అడుగుతుంది. కలువ అని రెండుసార్లు చెప్పాను, విని తల ఊపి మళ్లీ అదే మాట అంటుంది. మొన్న ఆ సంగతి అత్తయ్యకి ఫోన్‌లో చెప్పాను.

‘ఉండనీయమ్మాయ్, ఆ పాలకి కూడా ఏదో ఒక పేరుండాలిగా’ అంది.