శుభలేఖల ఆన్‌లైన్ డిజైన్ టూల్: కడపలో రెండేళ్లు వాడాక

కడపలోని మా ప్రింటింగ్ షాపులో రెండేళ్లుగా శుభలేఖలన్నీ ఒకే ఆన్‌లైన్ టూల్లో తయారవుతున్నాయి. మోడల్ ఎంచుకుని, పేర్లూ ముహూర్తమూ టైపు చేసి, ఫొటో పెట్టి ఆర్డరిస్తే కార్డులు అచ్చయి వస్తాయి. పని తొందరగా తెములుతుంది. తేడా కొట్టేది తెలుగు దగ్గరే.

పరీక్షకు ‘దేవుని కడప శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి’ అన్న ఒక్క లైను చాలు. స్క్రీన్ మీద ఒత్తులన్నీ కుదురుగా ఉంటాయి. ప్రింటుకెళ్లే పీడీఎఫ్‌లో మాత్రం ‘క్ష్మీ’ విడిపోయి ‘క్‌ష్‌మీ’ అవుతుంది. బ్రౌజర్ ఒత్తులు కూర్చి చూపిస్తుంది. సర్వర్లో పీడీఎఫ్ తయారుచేసే ప్రోగ్రాం ఆ కూర్పు చేయకుండా అక్షరాలను పక్కపక్కన పేర్చేస్తుంది. శుభలేఖ మీద దేవుడి పేరే విరిగితే ఆ కట్ట ఎవరూ పంచరు. అందుకే ప్రివ్యూ చూసి ఓకే కొట్టకూడదు. పీడీఎఫ్ దించుకుని, 200 శాతం జూమ్‌లో ఒక్కో ఒత్తూ చూడాలి. అసలు ఆ పీడీఎఫ్‌నే బొమ్మగా మార్చి ప్రివ్యూలో చూపిస్తే ఈ బాధే ఉండదు. టూల్ చేసేవాళ్లు ముందు దిద్దాల్సింది ఇదే.

లైన్ల ఎడం ఇంగ్లిషు లెక్కన అక్షరం సైజుకు 1.2 రెట్లు పెట్టారు. తెలుగుకు చాలదు, పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి. 1.5కు పెంచితే సరిపోతుంది. డీటీపీలో వాడే ‘అను’ (Anu) ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్ ముందు యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల్లోకి మార్చుకోవాలి, లేకపోతే పిచ్చి గుర్తులొస్తాయి.

ఫొటోల విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. 7×5 అంగుళాల కార్డు నిండా ఫొటో రావాలంటే 300 డీపీఐకి, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 2100×1500 పిక్సెళ్లు కావాలి. తక్కువైతే టూల్ ఎర్ర గుర్తు పెట్టి, ఎంత సైజు వరకు మసకబారదో కూడా చెబుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని పెళ్లివాళ్లకు ముందే చెప్పాలి. కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. ఆ హద్దు చూపే గీత కంప్యూటర్లో కనిపిస్తుంది, ఫోన్‌లో కనిపించదు. అంచుకు మరీ దగ్గరగా బార్డరు పెడితే ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా తెగుతుంది.

కార్డుల సంఖ్య మార్చగానే ధర పక్కనే మారుతుంది. గోల్డ్ ఫాయిల్ ఖర్చు మాత్రం చివరి పేజీలో గానీ తేలదు. పెళ్లివాళ్లకు ఒక రేటు చెప్పేశాక అది బయటపడితే మాట పోతుంది.

కరెంటు పోయినా డిజైన్ పోదు, లింకు తెరిస్తే ఆపినచోటే ఉంటుంది. కానీ లింకు అందినవాళ్లెవరైనా దాన్ని మార్చగలరు. ముహూర్తం అంకె మారితే ఎవరు మార్చారో తెలియదు. కాబట్టి పెద్దలకు లింకు కాకుండా పీడీఎఫ్ పంపి, వాళ్లు సరేనన్నాకే ఆర్డర్ పెట్టాలి.