చికెన్, మటన్ చుట్టే కైటోసాన్ ఫిల్మ్: లోపలి పొరగా బాగుంది, కవరు బదులు కాదు

ఐదు మార్కులకు బోన్‌లెస్ చికెన్‌కి నాలుగు, ఎముకతో కొట్టిన కూర ముక్కలకు రెండు, కైమాకి సున్నా. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌లో లవంగ నూనె కలిపి చేసే, మాంసం మీది బాక్టీరియాని చంపే పలచటి ఫిల్మ్‌కి మేమిచ్చే మార్కులివి. ఒకే షీటుకి ఇంత తేడా ఎందుకంటే, అది ముఖ్యంగా తాకిన చోటే పనిచేస్తుంది.

కైటోసాన్‌కి ఆమ్లం తగిలితే ధనావేశం వస్తుంది. బాక్టీరియా పైపొరది రుణావేశం. రెండూ అతుక్కుంటే ఆ పొర దెబ్బతిని, కణం లోపలి పదార్థం బయటికి కారిపోతుంది. చదునైన బ్రెస్ట్ ముక్కకి షీటు అంటుకుని కూర్చుంటుంది. కూర ముక్కల మధ్య అన్నీ సందులే, పైగా విరిగిన ఎముక మొన షీటుని చీల్చేస్తుంది. కైమాలోనైతే పైన ఉండాల్సిన బాక్టీరియా యంత్రంలో పడి లోపలంతా కలిసిపోయి ఉంటుంది. అక్కడికి ఏ షీటూ చేరదు.

మన కొట్లలో అసలు చిక్కు వేరే ఉంది. పీహెచ్ (ఆమ్లగుణం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.5 దాటితే కైటోసాన్ బలం బాగా తగ్గిపోతుంది. అప్పుడే కోసిన మాంసం పీహెచ్ 7 దగ్గర ఉంటుంది. కండలో లాక్టిక్ ఆమ్లం పెరిగాకే 5.5–5.8కి దిగుతుంది. కోడికి కొన్ని గంటలు చాలు, మేకకి దాదాపు రోజు పడుతుంది. కళ్ళముందు కోయించుకుని వెచ్చవెచ్చగా పట్టుకెళ్ళే మటన్‌కి ఈ షీటు చుట్టడం డబ్బు దండగ. చికెన్‌లోనూ బ్రెస్ట్ కంటే లెగ్ పీస్ పీహెచ్ ఎక్కువ, కాబట్టి ఫలితం కాస్త తక్కువే.

చుట్టే పద్ధతి ఇదీ. మాంసాన్ని ముందు 0–4 డిగ్రీలకు చల్లార్చాలి. పైతడిని శుభ్రమైన టిష్యూతో అద్దాలి, కడగకూడదు. షీటు వేసి గాలి బుడగలు పోయేలా అరచేత్తో ఒత్తి, అంచులు రెండు వేళ్ళ వెడల్పున ఒకదానిమీద ఒకటి వచ్చేలా మడవాలి. అడుగున నీరు పీల్చే ప్యాడ్ పెట్టి, మూత ఉన్న డబ్బాలో ఉంచాలి. ప్యాడ్ మానేస్తే మాంసం నుంచి ఊరే ఎర్రనీటికి షీటు ఉబ్బి జిగటగా సాగిపోతుంది. అది చూసి కొందరు మాంసమే పాడైందనుకుంటారు. మటన్ గోధుమరంగుకి తిరిగితే కూడా వెంటనే పారేయొద్దు: పొడిగా ఉన్న ఫిల్మ్ ఆక్సిజన్‌ని బాగా ఆపేస్తుంది, అందుకే ఎరుపు తగ్గుతుంది. అయితే నీచు కంపు, బంక రెండూ కనిపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు, పారేయాల్సిందే.

ప్యాకెట్ మీద ‘99 శాతం’ అని ఉంటే ఈ లెక్క వేయండి. లక్ష బాక్టీరియాలో 99 శాతం పోయినా వెయ్యి మిగులుతాయి. బయటి వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపైతే రెండున్నర గంటల్లోపే మళ్ళీ లక్ష దాటుతాయి. ఐస్ తప్పదు. ల్యాబ్ పళ్ళెంలో చేసిన పరీక్ష కాదు, మాంసం మీద చేసిన పరీక్ష ఫలితం అడగండి. మాంసంలోని కొవ్వు, ప్రొటీన్లు షీటులోని మందుల బలాన్ని లాగేస్తాయి. నైసిన్ (బాక్టీరియాని చంపే ఒక ప్రొటీన్ మందు) ఒక్కటే ఉన్న షీటు చికెన్‌కి వద్దు. అది లిస్టీరియా అనే బాక్టీరియా మీద పనిచేస్తుంది గానీ, చికెన్‌లో ఉండే సాల్మొనెల్లా బాక్టీరియాకున్న బయటి పొరని దాటలేదు.

లవంగ వాసన కొంచెం ముక్కకి పడుతుంది. బిర్యానీలో తెలియదు, పిల్లలకి పెట్టే పలచటి సూప్‌లో తెలుస్తుంది.

మట్టిలో కలిసే మాటకొస్తే, కైటోసాన్ షీటు పెరటి గుంతలోనూ కరుగుతుంది. పీఎల్ఏ (మొక్కల పిండి నుంచి చేసే ప్లాస్టిక్) పూత ఉన్నదైతే అలా కాదు, దానికి 58 డిగ్రీల దగ్గర నడిచే కంపోస్ట్ ప్లాంటు కావాలి. కంపోస్ట్ అయ్యే బయటి కవరు కొంటే ఐఎస్/ఐఎస్ఓ 17088 ముద్ర, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ నంబరు రెండూ చూసుకోండి.

రొయ్యలు పడనివాళ్ళు ఇంట్లో ఉంటే, పెంకుల నుంచి కాక పుట్టగొడుగుల నుంచి తీసిన కైటోసాన్ షీటే అడిగి తీసుకోండి.