మడికొండ ప్యాకింగ్ షెడ్డు: బ్యాటరీలు తీయందే ప్యాలెట్ కట్టరు

హనుమకొండ నయీంనగర్‌లో నాకు కంప్యూటర్ రిపేర్ షాపు ఉంది. పాత సీపీయూలు, మానిటర్లు, యూపీఎస్‌లు కొని, లోడుకు సరిపడా అయ్యాక హైదరాబాద్‌లోని రీసైక్లర్‌కు పంపుతాను. పోయిన ఏడాది ప్యాకింగ్ వేరే చోట చేయించాను. సర్క్యూట్ బోర్డులను గోనె సంచుల్లో కుక్కి, వాటి మీదే మానిటర్లు పెట్టి డీసీఎం ఎక్కించారు. అక్కడ దించేసరికి ఏడు పిక్చర్ ట్యూబులు పగిలి ఉన్నాయి. ఆ గాజులో సీసం ఉంటుంది. పెంకులు బోర్డుల్లో కలవడంతో లోడు మొత్తానికి తక్కువ రేటే కట్టారు. డబ్బు సంగతి అటుంచితే, ఆ పెంకులను ఒట్టి చేతులతో ఏరిన హమాలీలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఈసారి మడికొండ ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక చిన్న షెడ్డుకు వెళ్లాను. సామాను ఒక కాలేజీ ల్యాబుది: 58 సీపీయూలు, 22 పాత మానిటర్లు, 30 యూపీఎస్‌లు, ఒక డబ్బా ల్యాప్‌టాప్ బ్యాటరీలు. "బ్యాటరీలు ఎక్కడున్నాయి తమ్ముడూ?" షెడ్డు పెద్దాయన మొదట అడిగింది అదే. అవన్నీ విడదీసేదాకా ప్యాలెట్ (సామాను పేర్చి కట్టే చెక్క పీట) మీద ఒక్క పెట్టె కూడా పెట్టనివ్వలేదు. లిథియం బ్యాటరీ నలిగినా, కొనలు ఇనుముకు తగిలినా నిప్పు అంటుకోవచ్చు. దారిలో అంటుకుంటే డ్రైవర్ ప్రాణానికే ముప్పు. ఒక్కోదాని కొనలకు టేపు వేయించారు. ఉబ్బిన మూడింటిని పొడి ఇసుక పోసిన డబ్బాలో విడిగా పెట్టారు. యూపీఎస్ బ్యాటరీలను నిలబెట్టి, వరుసల మధ్య అట్ట వేసి, వేరే ప్యాలెట్ కట్టారు.

ప్యాలెట్లు 1200 బై 1000 మిల్లీమీటర్ల చెక్కవి. సీపీయూలను ఇటుక గోడలా, కింది అతుకు మీద పై అతుకు పడకుండా పేర్చారు. ఏ అంచూ చెక్క దాటి బయటికి రాలేదు. మానిటర్లను డబ్బా విప్పకుండా, అద్దాలు లోపలివైపు ఉండేలా పెట్టారు. సాగే ప్లాస్టిక్ ఫిల్మ్‌ను చెక్క దగ్గర నుంచే చుట్టుకుంటూ పైకి వచ్చారు. చెక్కకూ సామానుకూ కలిపి చుట్టకపోతే, బ్రేక్ వేసినప్పుడు పైదంతా జారిపోతుందట. మూలలకు అట్ట యాంగిల్స్ పెట్టి, పైనుంచి పట్టీ బిగించారు.

రీసైక్లర్ రిజిస్ట్రేషన్ కాగితం చూశాకే లేబుల్ అంటించారు. 2023 ఏప్రిల్ 1న కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు వచ్చినప్పటి నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు వెళ్లే సరుకు ముట్టుకోవడం లేదన్నారు. నాకు ఇది బాగా నచ్చింది.

నాలుగు ప్యాలెట్లకు చెక్కతో కలిపి 4,400 రూపాయలైంది. గోనె సంచుల ఖర్చుకు ఇది మూడింతలు. షెడ్డుకు సొంత కాంటా లేదు, తూకానికి బయటికి వెళ్లి రావాలి. షెడ్డు ఒక వైపు తెరిచే ఉంటుంది కాబట్టి వానాకాలంలో అట్టపెట్టెలు తడుస్తాయి, టార్పాలిన్ తీసుకెళ్లండి. నా పనికి ఆరు గంటలు పట్టింది. పొద్దున తొమ్మిదికే వెళితే అదే రోజు లోడు ఎక్కించవచ్చు.

ఈసారి ఒక్క ట్యూబూ పగల్లేదు. బోర్డులకు బోర్డుల రేటు, వైర్లకు వైర్ల రేటు విడివిడిగా వచ్చాయి.