వ్యాగన్ ఆర్ క్లచ్ సెట్: మార్చాక 52,000 కిలోమీటర్లు తిరిగి చెబుతున్న మాట

తిరుమల రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే మా 2012 వ్యాగన్ ఆర్ మొరాయించింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ రేజ్ అవుతోంది గానీ బండి లాగడం లేదు. లోపలంతా కాలిన వాసన. వెనక సీట్లో అమ్మ గోవింద నామాలు మొదలుపెట్టింది. ఎలాగో కొండ మీదికి చేరాం. అప్పటికి బండి 78,000 తిరిగింది, చాలా వరకు హైదరాబాద్ ట్రాఫిక్‌లోనే.

మొదట చూపించిన మెకానిక్ "క్లచ్ ప్లేటొక్కటి మారిస్తే చాలు సార్" అన్నాడు. డబ్బు మిగులుతుందని సరేనన్నాను. 14,000 తిరిగేసరికి క్లచ్ పెడల్ నొక్కినప్పుడల్లా గర్రుమని శబ్దం, వదిలితే మాయం. అది రిలీజ్ బేరింగ్, పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసేది. ఆ చిన్న బేరింగ్ కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాలి, మళ్లీ లేబర్ కట్టాలి. చాలా బాధేసింది.

ఈసారి వేరే షెడ్డుకెళ్లి దగ్గరుండి చేయించుకున్నాను. అక్కడి మెకానిక్ విప్పిన ప్రెషర్ ప్లేట్‌ని (క్లచ్ ప్లేట్‌ని అదిమి పట్టేది) చేతికిచ్చి చూడమన్నాడు. వేడికి ఇనుము మీద నీలం మచ్చలు పడ్డాయి, వేలితో రాస్తే గీతలు తగులుతున్నాయి. పాత ప్రెషర్ ప్లేట్‌ని ఉంచేసి కొత్త ప్లేట్ వేస్తే అది మాత్రం ఎన్నాళ్లు ఆగుతుంది? ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం, క్లచ్ ప్లేట్ దీనికే అతుక్కుంటుంది) నున్నగానే ఉంది, శుభ్రం చేసి వదిలేశాడు. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ మూడూ కలిసిన వాలియో కంపెనీ సెట్ వేయించాను. కేబుల్, గేర్ ఆయిల్ కూడా కొత్తవే. లేబర్‌తో కలిపి 8,000 రూపాయల లోపే అయింది.

మొదటి వారం కాలికి అలవాటు కాక సిగ్నల్స్ దగ్గర రెండు మూడుసార్లు బండి ఆగిపోయింది. తర్వాత టెన్షన్ లేదు. ఇప్పటికీ పెడల్ మెత్తగానే ఉంది, రివర్స్ గేర్ కిర్రుమనకుండా పడుతుంది, అదే ఘాట్ మళ్లీ రెండుసార్లు హాయిగా ఎక్కాను. ఒక్క లోపం, వానాకాలం పొద్దున్నే ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు కాస్త వణుకుతుంది. వంద గజాలు పోతే సర్దుకుంటుంది.

ఫ్లైఓవర్ ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో (పెడల్ సగం నొక్కి పట్టి) బండిని నిలబెట్టే అలవాటు మానేసి, హ్యాండ్‌బ్రేక్ వేస్తున్నాను. ప్లేట్ ఇంతకాలం రావడానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

మీ బండి మీద అనుమానముంటే చదునైన ఖాళీ స్థలంలో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేర్‌లో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే పట్టు ఉన్నట్టే. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేట్ అరిగినట్టే, వెంటనే ఆపేయండి. షెడ్డుకెళ్లినప్పుడు మూడూ కలిపి సెట్టే అడగండి, విప్పిన పాత సామాను చూపించమనండి.