ఆటోఫజీలో పీహెచ్‌డీ: ఈస్ట్ ల్యాబా, మానవ కణాల ల్యాబా?

కణం తనలోని చెత్తను తానే కరిగించి మళ్లీ వాడుకోవడమే ఆటోఫజీ. దీనిమీద పీహెచ్‌డీ అనగానే చాలామంది కేన్సర్, పార్కిన్సన్స్ పేర్లు విని మానవ కణాల వైపే పరుగెడతారు. కాస్త ఆగండి.

ఖర్చు: ఈస్ట్‌కు చక్కెర, పెప్టోన్ (ప్రోటీన్ నుంచి చేసే పోషక పొడి), ఒక షేకర్ దాదాపు చాలు. మానవ కణాలకు సీరం (పశువుల రక్తం నుంచి తీసే ద్రవం), సీఓ2 ఇంక్యుబేటర్ కావాలి. సీరం బిల్లు చూస్తే గైడ్‌కే టెన్షన్.

సమయం: ఈస్ట్ గంటన్నరలో రెట్టింపవుతుంది. ల్యాబుల్లో ఎక్కువగా వాడే హీలా అనే మానవ కణాలకు దాదాపు ఒక రోజు.

రిస్క్: మానవ కణాలకు మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా సోకినా మీడియా (కణాలు పెరిగే ద్రవం) తేటగానే ఉంటుంది, డేటా మాత్రం పోతుంది. పైగా ఆటోఫజీని కొలవడానికి చూసే ఎల్‌సీ3 ప్రోటీన్ బ్యాండ్ ముదిరితే ఆటోఫజీ పెరిగిందో, చివర్లో అడ్డుపడిందో ఆ చివరి దశను ఆపే బాఫిలోమైసిన్ లాంటి రసాయనం వేసి చూస్తేగానీ తేలదు. ఈస్ట్‌లో పని సూటిగా సాగుతుంది. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి, వాక్యూల్‌లో (ఈస్ట్ కణం చెత్తను కరిగించే గది) ప్రోటియేజులు, అంటే ప్రోటీన్లను కరిగించే ఎంజైములు, లేని ఈస్ట్‌ను ఆకలితో మాడ్చారు. చెత్తను మోసుకొచ్చిన సంచులు కరగక వాక్యూల్‌లో పోగుపడి మామూలు లైట్ మైక్రోస్కోప్‌కే చిక్కాయి! 2016 నోబెల్‌కు దారి అదే.

ఉద్యోగం: ఇక్కడ ఈస్ట్ వెనకబడుతుంది. ఫార్మా ఇంటర్వ్యూల్లో ఎక్కువగా సెల్ కల్చర్ (జంతు, మానవ కణాలను ల్యాబ్‌లో పెంచడం) అనుభవమే అడుగుతారు.

జన్యువుల పని లోతుగా తేల్చాలనుకుంటే, ల్యాబ్ నిధులు అంతంతమాత్రమైతే ఈస్ట్. హైదరాబాద్ ఫార్మా కంపెనీలపై కన్నుంటే, గైడ్‌కు గట్టి గ్రాంట్ ఉంటేనే మానవ కణాలు.